బేరింగు మారిస్తే సరిపోదు, జబ్బు కనిపెట్టాలి

సార్వా దమ్ములు మొదలయ్యాయంటే డెల్టాలో రెండు చోట్ల జనం గుమిగూడతారు. ఒకటి ఎరువుల కొట్టు, రెండోది ట్రాక్టరు మెకానిక్కు షెడ్డు. షెడ్డు ముందు నిలబడ్డ బళ్లన్నీ ఇంజను చెడినవే కావు. ముందు చక్రం ఊగుతున్నది ఒకటి, తొట్టి చక్రం మోత పెడుతున్నది ఒకటి, హబ్బు వేడెక్కి గ్రీజు కారిపోతున్నది ఇంకొకటి. ‘ఏమైందండీ?’ అంటే ‘బేరింగు పోయిందండి’ అంటారు. ‘పోయిన దాళ్వాకేగా మార్చారు?’ అంటే ‘అవునండి, మళ్లీ పోయింది’ అంటారు.

ఈ ‘మళ్లీ పోయింది’ అన్న మాట దగ్గరే మనం ఆగాలి. ఒకే బండికి, ఒకే చక్రానికి, ఏడాది తిరక్కుండా రెండోసారి బేరింగు పోయిందంటే తప్పు బేరింగు ఒక్కదానిదే అనుకోకూడదు. దాని చుట్టూ ఉన్న వాటిలో ఎక్కడో తేడా ఉంది. ఆ తేడా చూడకుండా మూడో బేరింగు వేయించడమంటే, ఇంటి ముందు మురుగ్గుంట అలాగే ఉంచుకుని జ్వరం వచ్చిన ప్రతిసారీ మాత్ర మింగడమే. జ్వరం తగ్గుతుంది, దోమలు మాత్రం పోవు.

ఇది చిన్న విషయం కాదు. దమ్ము రోజుల్లో బండి ఒక్కపూట ఆగితే నీటి వంతు దాటిపోతుంది, ఊడ్పు కూలీలు వేరే చేనికి వెళ్లిపోతారు. ట్రాక్టరును బాడుగకు తిప్పుకునే వాడు ఆ కొద్ది రోజుల సంపాదనతోనే వాయిదా కట్టుకోవాలి. అన్నిటికీ మించి ప్రాణభయం. పూర్తిగా అరిగిన బేరింగు పట్టేస్తుంది, లేదా చక్రాన్నే వదిలేస్తుంది. ధాన్యం బస్తాలతో పంట కాలువ గట్టు మీద పోతున్న తొట్టికి చక్రం ఊడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తొట్టిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం చెబుతున్నా ఎక్కిస్తూనే ఉన్నారు గదా!

అడుసు తొక్కడమే దాని పని

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న సామెత ట్రాక్టరుకు చెల్లదు. అడుసు తొక్కడమే దాని పని. అందుకని కాలు ఎలా కాపాడుకోవాలన్నదే మన ప్రశ్న.

ట్రాక్టరు ముందు చక్రాల హబ్బుల్లో సాధారణంగా రెండేసి బేరింగులు ఉంటాయి. లోపలి వైపు పెద్దది, బయటి వైపు చిన్నది. రెండూ టేపరు రోలరు రకమే. అంటే గుండ్రటి గోళీలు కాకుండా, ఒక పక్క సన్నగా, ఒక పక్క లావుగా ఉండే రోలర్లు. మెకానిక్కులు రోలర్లున్న లోపలి భాగాన్ని కోను అంటారు, హబ్బులో బిగిసి కూర్చునే బయటి రింగును కప్పు అంటారు. పై నుంచి పడే బరువుతో పాటు మలుపు తిరిగేటప్పుడు పక్క నుంచి వచ్చే తోపుడును కూడా ఇది తట్టుకుంటుంది. అమెరికాలో గుర్రబ్బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో ఈ రకానికి పేటెంటు తీసుకున్నాడు. అంటే ఇది పుట్టిందే బరువు బండి కోసం.

మన ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు. చక్రం జారకుండా కడసీల పెట్టేవారు. హబ్బులో గ్రీజు ఆ కందెనే. నట్టుకు వేసే స్ప్లిట్ పిన్ను ఆ కడసీలే. తేడా ఎక్కడంటే, ఎడ్లబండి ఇరుసు కళ్లకు కనబడేది. కందెన ఆరిపోతే బండి కిర్రుమని అరిచి చెప్పేది. హబ్బులో ఏం జరుగుతోందో మాత్రం మూత విప్పేదాకా తెలియదు.

పాత బేరింగు నోరు విప్పి చెబుతుంది

షెడ్డులో మనం చేసే మొదటి పొరపాటు పాత బేరింగును తుక్కు డబ్బాలో పారేయడం. ఎందుకు పోయిందో చెప్పే సాక్షి అదొక్కటే. కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, వెలుతురులో పెట్టి చూడాలి.

రోలర్ల మీద, కప్పు మీద ఎర్రటి తుప్పు గానీ, రోలర్ల ఎడం ప్రకారం నల్లటి చారలు గానీ ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. నీలం రంగు తిరిగి ఉంటే బాగా వేడెక్కింది. అంటే గ్రీజు లేదు, లేకపోతే నట్టు ఎక్కువ బిగించారు. సన్నటి గీతలు పడి మెరుపు పోయి ఉంటే ఇసుక, మట్టి దూరాయి. కప్పు మీద రోలర్ల ఎడంలో గుంటలు పడితే సుత్తి దెబ్బలో, గోతిలో పడ్డ దెబ్బో తగిలింది. ఒకే పక్క ఎక్కువగా అరిగితే యాక్సిల్ వంగి ఉండాలి, లేదా కప్పు వంకరగా కూర్చుని ఉండాలి. కప్పు బయటి వైపు అద్దంలా మెరుస్తుంటే అది హబ్బులో తిరుగుతోందన్నమాట, హబ్బు గూడు లూజయింది. ఇవేవీ లేకుండా లోహం పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంటే, ఏళ్ల తరబడి నడిచిన బేరింగుకు అది వయసు మీదపడ్డ గుర్తు. ఆరు నెలలకే లేస్తే మాత్రం బరువు ఎక్కువ మోస్తోందేమో చూసుకోవాలి.

వీటిలో ఏది కనబడినా కొత్త బేరింగు ఒక్కటే మందు కాదు. నీళ్లు పోతుంటే సీలు చూడాలి. యాక్సిల్ వంగితే సరిచేయించాలి లేదా మార్పించాలి. గూడు లూజయితే హబ్బు మార్పించాలి, వీలైతే లేతు షాపులో సరిచేయించాలి. గూడు లూజయినప్పుడు లోపల పంచ్ గుర్తులు కొట్టి, కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి పెట్టి కప్పును బిగించే పద్ధతి చాలా చోట్ల చూస్తున్నాం. అది ఆ పూటకే పనికొస్తుంది. కప్పు సమంగా కూర్చోదు, బరువంతా ఒక పక్కే పడుతుంది, నాలుగు వారాల్లో బండి మళ్లీ షెడ్డుకే వస్తుంది. పాత కప్పు ఉంచేసి కోను ఒక్కటే కొత్తది వేయడమూ అలాంటిదే. అవి రెండూ జంట. మారిస్తే రెండూ మార్చాలి.

నీళ్లు ఎలా దూరుతున్నాయి?

దమ్ములో చక్రం మునిగినంత మాత్రాన బేరింగు పోనక్కర్లేదు. నీరు, బురద లోపలికి రాకుండా ఆపడానికే ఆయిల్ సీలు ఉంది. దాని ధర బేరింగుతో పోలిస్తే చాలా తక్కువ. అయినా బేరింగు కొత్తది వేసి, పాత సీలునే సుత్తితో కొట్టి తిరిగి బిగించేవారున్నారు. సీలు పెదవి ఒకసారి ఎండి పగిలినా, మెలిక పడినా ఇక అది సీలు కాదు. సీలు ఆనే చోట యాక్సిల్ మీద గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా ఆగదు. అక్కడ వేలితో తడిమి చూడాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. రోడ్డు మీద బరువుతో వచ్చిన ట్రాక్టరును నేరుగా కాలువలో దింపి కడుగుతాం. అప్పటికి హబ్బు వేడిగా ఉంటుంది. చన్నీళ్లు తగిలేసరికి లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అరగంట చల్లారనిచ్చి కడిగితే ఈ బాధ తగ్గుతుంది. వాటర్ సర్వీసింగులో గొట్టం సూటిగా హబ్బు సీలు మీదకు కొట్టించినా ఇదే జరుగుతుంది.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల పనికి బళ్లు తిప్పేవారికి ఉప్పునీటి బెడద అదనం. మంచినీటి కంటే ఉప్పునీరు ఉక్కును త్వరగా తినేస్తుంది. అలాంటి బళ్లకు సీజను అయ్యేదాకా ఆగకుండా మధ్యలోనే హబ్బు విప్పి చూసుకోవాలి.

గ్రీజు విషయంలోనూ ‘ఏదైతేనేం’ అనుకోకూడదు. సున్నపు రకం గ్రీజు నీటికి బాగానే ఆగుతుంది గానీ వేడికి ఆగదు, సుమారు 100 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. లిథియం గ్రీజు 180 డిగ్రీల వరకు కరగదు. రోడ్డు మీద బరువుతో తిరిగే బండికి లిథియం రకమే నయం. కంపెనీ పుస్తకంలో ఏది రాశారో అది వాడటం మరీ మంచిది. ఒక రకం ఉండగా దాని మీదే ఇంకో రకం కూరితే రెండూ కలిసి పల్చబడి కారిపోవచ్చు. పాతది పూర్తిగా తుడిచి కొత్తది పెట్టాలి. పైపైన పులమడం కాదు, అరచేతిలో గ్రీజు తీసుకుని కోను అంచును దానికి ఒత్తుతూ, రోలర్ల మధ్య నుంచి గ్రీజు పైకి వచ్చేదాకా నింపాలి.

బిగింపులో ఉంది అసలు కిటుకు

హబ్బు నట్టు ‘బాగా బిగించు’ అని చెప్పే రైతులున్నారు. చక్రం ఊగదని వారి ధీమా. టేపరు బేరింగుకు అతి బిగింపే యముడు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించాలి. రోలర్లు సర్దుకుని కూర్చున్నాక, చక్రం తిప్పడం బరువనిపించాక, నట్టును కొద్దిగా వెనక్కు తిప్పి, స్ప్లిట్ పిన్ను రంధ్రం కలిసే చోట ఆపాలి. ఎంత వెనక్కు తిప్పాలన్నది బండి పుస్తకంలో ఉంటుంది. చక్రం తేలిగ్గా తిరగాలి, చేతికి తెలిసేంత ఊగకూడదు. అదీ లెక్క. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. పాత పిన్నును సాగదీసి మళ్లీ వేయడం, దాని బదులు మేకు వంచి పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

కొత్తది బిగించాక మొదటి రోజు పది కిలోమీటర్లు నడిపి ఆపి చూడాలి. రెండు పక్కల హబ్బుల దగ్గరా వెనక చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి చూస్తే, ఒకటి గోరువెచ్చగా, రెండోది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ పక్క బిగింపు తప్పిందన్నమాట.

బరువుకూ బేరింగుకూ ఉన్న లెక్క

తొట్టి చక్రాల బేరింగులు పదేపదే పోతుంటే ముందుగా చూడాల్సింది బరువు. బేరింగు ఆయుష్షుకు ఒక లెక్క ఉంది. 1947లో స్వీడన్‌కు చెందిన లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ అనే ఇద్దరు దానికి పునాది వేశారు. రోలరు బేరింగు విషయంలో ఆ లెక్క ఏం చెబుతుందంటే, బరువు రెట్టింపు చేస్తే ఆయుష్షు సగం కాదు, పదో వంతుకు పడిపోతుంది. ఒకటిన్నర రెట్లు చేస్తే దాదాపు నాలుగో వంతు. పావు వంతు ఎక్కువ వేసినా సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు మన తొట్టి చూద్దాం. ఒక క్యూబిక్ మీటరు చోటులో ధాన్యం దాదాపు 600 కిలోలు పడుతుంది. అదే చోటులో తడి మట్టి దాదాపు 1,800 కిలోలు తూగుతుంది. ధాన్యానికి సరిపోయేలా ఎత్తు పెంచుకున్న తొట్టి పలకల అంచుదాకా చెరువు మట్టి నింపితే మూడింతల బరువు ఎత్తినట్టే! కంటికి అదే తొట్టి, అదే ఎత్తు. ఇరుసుకు మాత్రం అదే కాదు. ట్రాక్టరు ముందు డోజరు బ్లేడు, లోడరు తగిలించుకున్న వారు కూడా ముందు బేరింగుల మీద ఎంత అదనపు భారం పడుతోందో ఆలోచించుకోవాలి.

నకిలీ సరుకు మాటేమిటి?

‘కంపెనీ బేరింగే అని ఇచ్చారండి, నకిలీది’ అనే రైతుల మాట కొట్టిపారేయలేం. పేరున్న కంపెనీల బేరింగులకు నకిలీలు తయారవుతున్నాయని ఆ కంపెనీలే చెబుతున్నాయి. అయితే నకిలీదని రుజువు చేయాలన్నా మన చేతిలో బిల్లు ఉండాలి. తెల్లకాగితం మీద రాసిచ్చిన మొత్తం బిల్లు కాదు. బేరింగు నంబరు, కంపెనీ పేరు, తేదీ, షాపు పేరు ఉన్న బిల్లు అడగాలి. పాత బేరింగు మీద చెక్కిన నంబరు, కొత్తదాని మీది నంబరు ఒకటేనో కాదో చూసుకోవాలి. 30206, 32208 లాగా 30, 32తో మొదలయ్యే ఐదంకెల నంబర్లలో చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 30206 అంటే 30 మిల్లీమీటర్లు, 32208 అంటే 40. స్కేలు పెట్టి చూసినా సైజు తేడా తెలిసిపోతుంది.

బిల్లు ఉండీ న్యాయం జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. 2020 నాటి నిబంధనల ప్రకారం 5 లక్షల రూపాయల లోపు కేసులకు అక్కడ రుసుము లేదు. బిల్లు లేకపోతే మాత్రం మన మాట గాలిమాటే.

కారుకైనా ఇదే న్యాయం

ఈ రోజుల్లో రైతు ఇంటి ముందు ట్రాక్టరు పక్కనే కారో, చిన్న వ్యానో ఉంటోంది. ఇప్పటి కార్లకు చాలా వాటిలో బేరింగు సీలు చేసి వస్తుంది, గ్రీజు పెట్టే పని లేదు. అయినా పుంత రోడ్ల గోతుల్లో తిరిగి అవీ పదేపదే పోతుంటాయి. అక్కడ చూడాల్సినవి మూడు. ప్రెస్ మిషను మీద సరైన రింగును ఆనించి నొక్కారా, లేక సుత్తితో కొట్టి ఎక్కించారా? బయటి రింగును గూట్లో కూర్చోబెట్టడానికి లోపలి రింగు మీద నొక్కితే కొత్త బేరింగు బిగించేటప్పుడే దెబ్బ తింటుంది. యాక్సిల్ నట్టును టార్కు రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించారా? గోతిలో పడ్డప్పుడు హబ్బు వంగిందా? ఈ మూడూ చూడకుండా బేరింగు మార్చితే అదీ ట్రాక్టరు కథే.

తప్పు ఎవరిది?

మెకానిక్కును అడిగితే, ‘ఏం చేయమంటారండీ, రైతుగారు పక్కనే నిలబడి కానీయ్ కానీయ్ అంటారు. హబ్బు లేతుకు పంపాలంటే రేపటిదాకా ఆగరు’ అంటాడు. రైతును అడిగితే, ‘నీటి వంతు దాటిపోతుంటే రేపటిదాకా ఎలా ఆగుతాం?’ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ పని సీజనులో చేసేది కాదు. దాళ్వా మాసూళ్లయ్యాక, సార్వా నీళ్లు వదిలేలోపు ట్రాక్టరు ఖాళీగా ఉండే రోజులున్నాయి. హబ్బులు విప్పాల్సింది అప్పుడు. నాలుగు చక్రాల సీళ్లు, గ్రీజు, పిన్నులకయ్యే ఖర్చు దమ్ములో ఒక్కరోజు ఆగిపోయిన బండి నష్టం ముందు ఏపాటిది?

రైతు ఒక్కడి మీదే భారం వేసి ఊరుకోవడమూ న్యాయం కాదు. పశువులకు గాలికుంటు టీకాల శిబిరాలు ఊరూరా పెడుతున్నారు. దమ్ముకు ముందు ట్రాక్టర్లకు ఇలాంటి శిబిరం మండలానికి ఒక్కటైనా ఎందుకు పెట్టకూడదు? అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఐటీఐల్లో ట్రాక్టరు మెకానిక్కు కోర్సు ఉంది. వ్యవసాయ శాఖ, ట్రాక్టరు డీలర్లు కలిసి ఇలాంటి చోట నేర్చుకున్న వారిని ఊళ్లకు పంపితే ఒక్కపూటలో పాతిక మంది డ్రైవర్లకు హబ్బు విప్పి చూపించవచ్చు. బండి అమ్మే రోజున డీలరు పూలదండ వేసి ఫొటో తీసి పంపడమే కాకుండా, హబ్బు సర్దుబాటు ఎలాగో చేసి చూపాలి. పుస్తకం తెలుగులో ఇవ్వాలి. తొట్టెలు తయారుచేసే షెడ్లు ఎన్ని టన్నులకు చేశారో ఒక రేకు మీద చెక్కి బిగించాలి. ఇవేమీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

గ్రూపుల మీద తీసుకున్న ట్రాక్టర్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. పదిమంది నడిపే బండికి గ్రీజు పెట్టేవాడు ఒక్కడూ ఉండడు. ఏ తేదీన హబ్బు విప్పారు, ఏ నంబరు బేరింగు వేశారు, ఎవరు వేశారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి బండిలోనే ఉంచితే మూడోసారి పోయినప్పుడు కారణం ఆ పుస్తకమే చూపిస్తుంది.

కాబట్టి రైతు సోదరులు ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు ‘కొత్త బేరింగు ఎంత?’ అని అడగకముందు ‘పాతది ఎందుకు పోయింది?’ అని అడగాలి. ఆ బేరింగును చేతిలోకి తీసుకుని చూడాలి. జవాబు చెప్పలేని మెకానిక్కుకు చక్రం అప్పగించే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి. జవాబు చెప్పగలిగిన వాడికి మాత్రం ఒక్కరోజు గడువు ఇవ్వాలి, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వాలి. ఆ ఒక్కరోజే సీజనంతా మన బండిని చేలో నిలబెడుతుంది.